శివారు

గడ్డం ఆ గిన్నెలాంటి దాంట్లో ఆనించమన్నారు, ఆనించానండి.
రెప్ప వెయ్యొద్దన్నారు, వెయ్యలేదు.
అప్పుడా దీపం టపటపా కొట్టుకుంది,
ట్రాన్స్‌ఫార్మర్ పోయేముందు మా వీధి ట్యూబులైటు కొట్టుకున్నట్టు.
ఎంతసేపో తెలీదు. చుక్కల మందుకి కళ్లు మండుతున్నాయి.

తర్వాత తెర నావైపు తిప్పారు చూడండి,
అమ్మ బాబోయ్ అనుకున్నాను.
ఎర్ర నేల. నేల మీద ఓ పసుపుపచ్చ గుండ్రం,
దాంట్లోంచి పైకి రెండు, కిందికి రెండు కాలవలు,
కాలవలోంచి పిల్లకాలవ, పిల్లకాలవలోంచి బోదె,
బోదె చివర వెంట్రుకంత జాడ.
ముప్పై నాలుగేళ్లు లొల్ల లాకుల మీద లస్కరుగా చేసినోణ్ణి,
డెల్టా మ్యాపు నాకు చూపిస్తారేంటండీ!

మీరు నవ్వలేదు.
వెలుగు కొట్టుకున్నప్పుడల్లా చూపుకి ఆకలేస్తాదనీ,
ఆ ఆకలికి రక్తనాళం వెడల్పవ్వాలనీ,
దీపం ఆరగానే మళ్లీ బిగవాలనీ చెప్పారు.
"మీ నాళాలకి వినపడుతోంది గానీ, లేవడమే ఆలస్యం."
మరి ఉత్తర్వు ఎవరిస్తారండీ, అన్నాను.
మాకైతే ధవళేశ్వరం నుంచి ఫోనొచ్చేది,
రెండంగుళాలు దించు, వంతు మార్చు, అని.
కంటి వెనక ధవళేశ్వరం లేదన్నారు మీరు.
పైనుంచి తీగ గడప దాకానే వస్తాదట,
లోపల ఏ తూముకాతూమే
పక్క మడి దాహం విని తిరగాలట.

ఆ మాట దగ్గర ఆగిపోయానండి నేను.

వయసులో ఉండగా నేనూ అలాగే ఉండేవోణ్ణి.
నిద్దట్లో నీటి చప్పుడు మారితే మెలకువొచ్చేది.
ఒంటిగంటో, రెండో; లాంతరు కూడా వెలిగించకుండా
చక్రం పట్టుకుంటే ఇనుమే చెప్పేది ఎన్ని చుట్లో.
ఆఖరేళ్లలోనూ చప్పుడు వినపడేది,
లేస్తన్నా, లేస్తన్నా అనుకుంటూనే
ఇంకో కునుకు తీసేవోణ్ణి.
షట్టరుకి తుప్పు. గ్రీజు పూసినా పళ్లు కదలవు.
లాగినంత లాగితే మర్నాటికి మళ్లీ గుర్రపుడెక్క.

మట్టపర్తి నూకరత్నం అని ఒకావిడ,
సముద్రం పక్క శివారు, ఎకరం ముప్పావు.
ఓ దాళ్వా నాడు లాకు దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చింది, ఒక్కర్తీ.
పుస్తకం తీసి చూపించాను:
గేజీ నాలుగడుగుల రెండంగుళాలు, తేడా లేదమ్మా.
పుస్తకం వంక చూడలేదు.
పిడికిలి విప్పి మట్టిబెడ్డ నా బల్ల మీద పెట్టింది.
"నీ గేజీని కాదు, దీన్నడుగు."
ఆ బెడ్డ చాన్నాళ్లు అక్కడే ఉంది.

ఇప్పుడు మీరూ రాస్తున్నారు:
ప్రెజరు బాగుంది, జబ్బు లేదు, వయసంతే.
నిజమేనండి. గేజీ ఎప్పుడూ బాగానే ఉంటాది.
కానీ వంగి చెప్పు తొడుక్కుని లేస్తే
మసక ముందు అంచుల్లో దిగుతాది,
మూడు లెక్కపెట్టేదాకా నూకరత్నం మడి ఎండుతాది,
తర్వాత నీరొస్తాది.
వస్తాది. అది కూడా రాయండి.

రావులపాలెం బస్సులో కిటికీ పక్క కూచున్నాను.
కంటిపాపలింకా మూతపడలేదు,
తలుపులన్నీ ఎత్తేసి తాళం ఎవరో పట్టుకుపోయినట్టుంది.
కాలవ గట్టు. సాయంత్రం ఎండ.
కొబ్బరి మాను, వెలుగు, మాను, వెలుగు, మాను,
మీ దీపమేనండి, మీరు లేకుండా.
లోపలెక్కడో ఓ ముసలి లస్కరు
మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.
వస్తన్నా, వస్తన్నా,
ఉండండి.